కాడి కాయ

మా తాత చేతులకు తోలు వాసన పోయేది కాదు.
తుమ్మచెక్క, సున్నం, ఉప్పు.
కొండపి చుట్టుపక్కల పది ఊళ్ళ ఎడ్లకు
పలుపులు, పట్టెడలు,
కాడిని నొగకు బిగించే వారు
మా ఇంటి నుంచే వెళ్ళేవి.
కళ్ళంలో చివరికి ఊడ్చిన గింజలు మాకు.
దాన్ని కూలి అనేవాళ్ళు కాదు, మేర అనేవాళ్ళు.
కబురొచ్చాక ఆలస్యమైతే
ఇంకేదో అనేవాళ్ళు.

అప్పటి పేరు మానయ్య.
తర్వాత మెనష్షే.
"ఏ దేశపు దేవుడ్రా నీకు?" అని
బోరింగు దగ్గర నవ్వారంట.
"వెట్టి సంగతి తెలిసిన దేవుడు,
ఇటుకలు కోసేవాళ్ళను పిలిచినోడు" అన్నాడంట.

శుక్రవారం పొద్దుగూకక ముందే
మా అవ్వ దీనమ్మ రెండు ప్రమిదలు వెలిగించి
అరచేతులతో కళ్ళు మూసుకునేది.
ఆజ్ఞలు పాటించడమంటే
కాడి కింద మెడ పెట్టడమేనని తాత చెప్పేవాడు.
హీబ్రూలో కాడిని ఓల్ అంటారని కూడా.
అవ్వకు అది ఓలి అని వినపడింది.
"ఎంతిచ్చాడేం ఓలి,
ఆరువందల పదమూడు పనులు చేయించుకోడానికి?"
మూడు రోజులు నవ్వాడు తాత.
నాలుగోనాడు అన్నం ముందు కూచుని
"సముద్రం చీల్చి ఇచ్చాడు గదే" అన్నాడు మెల్లగా.

నాకు పదకొండేళ్ళు.
అట్లేరు ఇసక కూడా నోరు తెరుచుకున్న ఏడు.
శుక్రవారం రాత్రంతా కురిసింది.
తెల్లారేసరికి నేల పదును మీదుంది.
ఊరంతా అరకలు కట్టారు.
పైడిపాటి కామందు మా వాకిట్లోకే వచ్చి
ఎడ్లను తోలితే రెట్టింపు ఇస్తానన్నాడు.
"ఇయ్యాల వాటికి సెలవయ్యా."
"నీకంటే పిచ్చి. గొడ్లకేం మతంరా?"
తాత పలకలేదు.
నేను పళ్ళు కొరుక్కున్నాను.
ఆ రెట్టింపులో నా కొత్త పావడా ఉంది.

మధ్యాహ్నం కొట్టం నీడలో
పుల్లోడి మెడ దగ్గరికి నా చెయ్యి లాగాడు.
కాడి ఒరిసి ఒరిసి
నల్లగా, చింతపిక్కంత నునుపుగా గట్టిపడిన చోటు.
"తడుము."
ఎద్దు కళ్ళు మూసుకుంది.
"మా నాయన మోసిన కాడికి శనివారం లేదమ్మా.
ఆయన నాయన మోసినదానికీ లేదు.
విప్పే రోజు కూడా చెప్పిన కాడి
నేను ఇదొక్కటే చూశా."

మిగతా రోజుల్లో పొద్దున్నే
ఎడమ చేతికి ఏడు చుట్లు తోలు వారు చుట్టుకునేవాడు.
తనే ఊనిన తోలు, తనే కోసిన వారు.
బొంబాయి నుంచి వచ్చిన పెద్దాయన చూసి
"ఇది చెల్లదు" అన్నాడు.
చదువుకున్నాయన, మర్యాదగానే అన్నాడు.
తాత తలూపాడు.
మర్నాడు మళ్ళీ అదే చుట్టుకున్నాడు.
విప్పాక చేతిమీద ఏడు గీతలు,
దున్నిన చేను మాదిరి.
గంజి తాగేలోపు మాసిపోయేవి.

ఎడ్లు పోయాయి. తాతా పోయాడు.
కాడి కొట్టం దూలానికి వేలాడుతోంది.
ట్రాక్టరుకు మెడ లేదు.

నేను టంగుటూరులో పొగాకు గ్రేడింగుకు పోతాను.
శనివారం నాగా, శనివారం కోత.
"ఎవరు పెట్టారే నీ మెడ మీద ఇది?" అంటాడు మేస్త్రీ.
తాత దగ్గరైతే జవాబు ఉండేది.
నేను ఆకులు ఏరుకుంటాను,
పచ్చవి ఇటు, మాడినవి అటు.

ఒక్క శనివారం వెళ్ళాను, నిజమే.
పిల్లదాని ఫీజు కట్టాలి.
రోజంతా మెడ తేలిగ్గా ఉంది,
తాడు తెగిన బొక్కెన ఎంత తేలికో అంత.
సాయంత్రం ఆటోలో,
ఎవరూ చూడకుండా తడుముకున్నాను.

కాయ అక్కడే ఉంది.